చదివిన తర్వాతి సంగతి కూడా అడగండి: సంఘ కాపరులకు, పెద్దలకు ఒక విశ్వాసి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, సండే స్కూల్ టీచర్లకు, గృహ కూటాలు నడిపించే సహోదర సహోదరీలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

ప్రతి కొత్త సంవత్సరం మీరు మా చేత ఒక తీర్మానం చేయిస్తారు, ఈ ఏడాది బైబిల్ మొత్తం చదవాలని. చార్టులు పంచుతారు. గ్రూపులో రోజువారీ భాగం పెడతారు. వెనకబడినవాళ్లకు గుర్తుచేసి మరీ చదివిస్తారు. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో చదివితే డిసెంబరు నెలాఖరుకు అయిపోతుంది. పూర్తిచేసినవాళ్లను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టిస్తారు. ఈ శ్రమ చిన్నది కాదు. మీరు ఇలా వెంటపడకపోతే మాలో చాలామంది ఆదివారం తప్ప బైబిల్ తెరవరు. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పి, అసలు విషయానికి వస్తాను.

"చదివారా?" అని మీరు అడుగుతారు. "ఎంతవరకు వచ్చారు?" అని అడుగుతారు. "చదివిన దాన్నిబట్టి ఏం చేశారు?" అని మాత్రం అడగరు. వాక్యం ఇంతగా వింటున్నా విశ్వాసం ఎందుకు బలపడటం లేదని ప్రసంగాల్లో మీరు తరచూ బాధపడుతుంటారు. ఆ మూడో ప్రశ్న మన మధ్య లేకపోవడమే దానికి పెద్ద కారణమని నేను అనుకుంటున్నాను. ఈ లేఖ రాయడం కూడా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

నేను కాపరిని కాను, వేదాంత విద్య చదవలేదు. కొంతమంది యువకులతో వారానికోసారి కూర్చుని వాక్యం చదివే మామూలు విశ్వాసిని. కాబట్టి నా అభిప్రాయాల కంటే ముందు లేఖనంలోని రెండు సంఘటనలను మీ ఎదుట పెడతాను. రెండూ మీరు ఎన్నోసార్లు ప్రసంగించినవే. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి బోధించగా నేను అరుదుగా విన్నాను.

మొదటిది రెండవ రాజుల గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. యూదా రాజైన యోషీయా ఏలుబడిలో 18వ సంవత్సరం. యెరూషలేము మందిరానికి మరమ్మతులు జరుగుతున్నాయి. ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఎక్కడ? మందిరంలోనే. యాజకులు రోజూ తిరిగే చోటే అది ఉంది, కానీ అందులో ఏముందో రాజుకు తెలియదు, ప్రజలకు తెలియదు. శాస్త్రి అయిన షాఫాను దాన్ని తీసుకెళ్లి రాజు ఎదుట చదివాడు. విన్న వెంటనే యోషీయా బట్టలు చింపుకున్నాడు. దేవుడు ఏమంటున్నాడో తెలుసుకోవడానికి ప్రవక్త్రి అయిన హుల్దా దగ్గరికి మనుషులను పంపాడు. ఆమె ఇచ్చిన జవాబు తీయగా ఏమీ లేదు. ఈ స్థలం మీదికి కీడు రావడం తప్పదు, అయితే రాజు తన్ను తాను తగ్గించుకున్నాడు కాబట్టి ఆ కీడు అతని కళ్లు చూడవు అని చెప్పింది. ఇంకొకడైతే "నా కాలంలో రాదు కదా, చాలు" అనుకుని ఊరుకునేవాడు. యోషీయా ఊరుకోలేదు. పెద్దలనూ ప్రజలనూ మందిరానికి పిలిపించి గ్రంథమంతా వారికి చదివి వినిపించాడు. నిబంధన చేశాడు. విగ్రహాలను ఊడబెరికించాడు. న్యాయాధిపతుల దినాల తర్వాత ఎన్నడూ జరగనంతగా పస్కా పండుగ జరిపించాడు.

రెండోది యిర్మీయా 36వ అధ్యాయం. మొదటి సంఘటన జరిగి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. సింహాసనం మీద ఇప్పుడు ఉన్నది యోషీయా కొడుకు యెహోయాకీము. ప్రవక్త అయిన యిర్మీయా చెబుతుండగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను, ప్రజలు ఉపవాసం ఉన్న రోజున మందిరంలో చదివారు. ఆ మాట అధికారులకు, అక్కడినుంచి రాజుకు చేరింది. చలికాలం. రాజు కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనే అతను చుట్ట విప్పి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు ఆ భాగాన్ని చాకుతో కోసి కుంపట్లో వేస్తున్నాడు. చుట్ట మొత్తం బూడిదయ్యేదాకా ఇదే పని. ఈ మాటలు విన్న రాజైనా, అతని సేవకులైనా భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని 24వ వచనం ప్రత్యేకంగా చెబుతోంది. వాళ్ల నాన్న ఏం చేశాడో చదివినవాళ్లకు ఆ మాట ఎందుకు రాయబడిందో వెంటనే అర్థమవుతుంది.

ఇద్దరి ఎదుటా చదివింది దేవుని మాటే. ఇద్దరూ విన్నారు. మన చార్టు ప్రకారం చూస్తే యెహోయాకీముకు కూడా టిక్ పెట్టాలి. విసుగుతో మధ్యలో లేచి వెళ్లలేదు, చివరిదాకా కూర్చుని విన్నాడు. తండ్రికీ కొడుక్కీ తేడా వచ్చింది వినడంలో కాదు, విన్న తర్వాత.

ఇందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది గమనించరు. యోషీయా ఎదుట గ్రంథం చదివింది షాఫాను. యెహోయాకీము చుట్టను కాలుస్తుంటే వద్దని బతిమాలినవాళ్లలో ఒకడు గెమర్యా. అతను షాఫాను కొడుకు. బారూకు ప్రజలకు చదివి వినిపించింది కూడా ఈ గెమర్యా గదిలోనే. అంటే శాస్త్రి ఇంట్లో వాక్యభయం రెండో తరానికి అందింది, రాజు ఇంట్లో అందలేదు. ఎందుకు అందలేదో లేఖనం చెప్పలేదు కాబట్టి నేనూ ఊహించను. పిల్లలకు వాక్యం చదివి వినిపించే తల్లిదండ్రులు మాత్రం ఈ రెండు కుటుంబాల గురించి ఆలోచించాలి.

మనం వాక్యాన్ని కాల్చం, నిజమే. మన పద్ధతి వేరు. మనం మెచ్చుకుంటాం. యెహెజ్కేలు 33వ అధ్యాయం చివర్లో ఇలాంటివాళ్లే కనిపిస్తారు. గోడల దగ్గర, ఇంటి గుమ్మాల దగ్గర నిలబడి, "రండి, యెహోవా దగ్గరనుంచి ఏం మాట వచ్చిందో విందాం" అని ఒకరినొకరు పిలుచుకుంటారు. వచ్చి ప్రవక్త ఎదుట కూర్చుంటారు. మంచి గొంతుతో ఎవరో పాడుతుంటే విన్నట్టు వింటారు. వింటారు గానీ చేయరు అని దేవుడే ప్రవక్తకు చెబుతాడు. ఆరాధన అయ్యాక తలుపు దగ్గర మీకు షేక్‌హ్యాండ్ ఇచ్చి "ఈరోజు వాక్యం అద్భుతం పాస్టర్ గారూ" అనేవాళ్లం మేమే కదా. దయచేసి ఆ మాటకు మురిసిపోకండి. "ఏది అద్భుతం? రేపు పొద్దున దానివల్ల మీ ఇంట్లో ఏం మారుతుంది?" అని ఒక్కసారి అడిగి చూడండి. కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనివ్వండి.

లోబడటం లేకుండా వాక్యం తెలిసి ఉండటం గొప్పేమీ కాదు. అరణ్యంలో యేసును శోధించిన సాతాను కూడా 91వ కీర్తనలోని మాటలు కంఠతా చెప్పాడు. యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోనివే. ఇద్దరి నోటా లేఖనమే ఉంది. ఒకరు దానికి లోబడి జీవిస్తున్నారు, ఇంకొకడు దాన్ని వాడుకుంటున్నాడు.

వాడుకోవడం అన్నాను కాబట్టి ఒక మాట. రోజుకొక వాగ్దాన వచనం ఫోన్‌కి వస్తుంది, చూసి ఆమేన్ పెట్టి ముందుకు వెళ్లిపోతాం. చాలామందికి దినవాక్య పఠనం అంటే ఇప్పుడు ఇదే. యిర్మీయా 29:11 ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే ఆ మాట ఎంతో విలువైనది. అయితే అది ఒక ఉత్తరంలోని వాక్యం. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. దాని ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లేది లేదని దాని అర్థం. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని హనన్యా అనే ప్రవక్త చెబుతున్నాడు, జనానికి ఆ మాటే నచ్చింది. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని రాశాడు. 11వ వచనం ఒక్కటే చదివితే ఊరట దొరుకుతుంది. 4వ వచనం నుంచి చదివితే ఊరటతో పాటు చేయాల్సిన పని కూడా దొరుకుతుంది. మనకు ఇష్టంలేని చోట, ఇష్టంలేని ఉద్యోగంలో, మనల్ని బాధపెట్టినవాళ్ల మధ్య ఉండి వాళ్ల మేలు కోరడం ఆ పని. ఆ పని వదిలేసి వాగ్దానం ఒక్కటే తీసుకున్న విశ్వాసం మొదటి కష్టానికే తడబడుతుంది. తప్పు ఆ వచనానిది కాదు.

విశ్వాసం బలపడేది ఎలా అన్నదానికి యేసు యోహాను 7:17లో ఒక సంగతి చెప్పాడు. దేవుని చిత్తం చేయాలని నిశ్చయించుకున్నవాడు ఈ బోధ దేవునిదో కాదో తెలుసుకుంటాడని. ఈ వరుసను మనం తిరగేసుకున్నాం. ముందు అన్నీ తెలియాలి, సందేహాలన్నీ తీరాలి, అప్పుడు చేస్తాం అంటాం. లేఖనంలో చాలాచోట్ల ముందు అడుగు పడుతుంది, తర్వాత తెలుస్తుంది. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు యాజకులకు కనపరచుకోవడానికి బయలుదేరినప్పుడు ఇంకా కుష్ఠుతోనే ఉన్నారు. వెళ్తుండగా శుద్ధులయ్యారు. రాత్రంతా కష్టపడి ఏమీ దొరకని పేతురు, మనసులో ఏమనుకున్నాడో గానీ, నీ మాట చొప్పున వలలు వేస్తాను అన్నాడు. వల వేశాకే ఆయన ఎవరో అతనికి కొంత తెలిసి మోకాళ్ల మీద పడ్డాడు. అబ్రాహాము క్రియల వల్ల అతని విశ్వాసం పరిపూర్ణమైందని యాకోబు రాసిందీ ఇదే. వినడం వల్ల విశ్వాసం కలుగుతుంది. కలిగిన విశ్వాసం గట్టిపడేది విన్నది చేసినప్పుడు.

మా యువకుల కూటంలో జరిగింది ఒకటి చెప్తాను. మత్తయి 5వ అధ్యాయం చదువుతున్నాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడు అన్న చోటికి వచ్చాం. ఒకతను ఏమీ మాట్లాడలేదు. ఆస్తి విషయంలో వాళ్ల అన్నతో చాలా కాలంగా మాటలు లేవు. ఆ వారం వెళ్లి అన్నను కలిశాడు. ఇక్కడ మీరు మంచి సాక్ష్యం ఆశిస్తారు, కానీ అలా జరగలేదు. అన్న సరిగా మాట్లాడలేదు, కూర్చోమని కూడా అనలేదట. ఇతను తిరిగొచ్చేశాడు. తర్వాత కొన్ని వారాలకు మేం మత్తయి 18కి వచ్చాం, పదివేల తలాంతులు అచ్చియున్న దాసుని అప్పంతా రాజు క్షమించిన ఉపమానానికి. అందరూ క్షమించడం మంచిదని నాలుగు మాటలు చెప్పారు. అతను మాత్రం "ఆ రాజుకు ఎంత ఖర్చయిందో ఎవరైనా ఆలోచించారా?" అని అడిగాడు. నేను చాలాసార్లు చదివిన భాగమే, నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. అన్న గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డవాడికి తట్టింది. అన్నదమ్ముల మధ్య ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. కానీ అతను చదివే తీరు మారింది, ప్రార్థించే తీరు మారింది.

పెద్దలారా, ఇక మీ సంగతి. ఎజ్రా 7:10లో ఎజ్రా మూడు పనులకు మనసు నిలుపుకున్నాడు: ధర్మశాస్త్రాన్ని పరిశోధించడం, దాని ప్రకారం నడుచుకోవడం, ఇశ్రాయేలీయులకు నేర్పడం. మీలో చాలామంది మొదటి పని నుంచి నేరుగా మూడోదానికి వెళ్లాల్సి వస్తోంది. వారానికి ఎన్ని ప్రసంగాలు, ఎన్ని కూటాలు, ఎన్ని ఇళ్ల దర్శనాలు. శనివారం రాత్రి టెన్షన్‌తో బైబిల్ తెరిచేది మాకోసమే, మీకోసం కాదు. మీ తప్పు ఎంతో, మా ఒత్తిడి ఎంతో నేను తేల్చలేను. ద్వితీయోపదేశకాండము 17లో రాజు తన చేత్తో ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని, బ్రతికినన్నాళ్లు దాన్ని చదవాలని ఆజ్ఞ ఉంది. దేనికి? దేవునికి భయపడి ఆ కట్టడలను గైకొనడానికి, తన సహోదరుల మీద అతని హృదయం గర్వించకుండా ఉండటానికి. పరిపాలించేవాడికే ముందు పాఠం. మా కోసం ఒక ప్రసంగం తగ్గించుకుని అయినా మీకోసం మీరు చదువుకోండి. సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పరు, చెబితే వాళ్లతో మేం మాట్లాడతాం.

అదే ఎజ్రా కాలంలో, నెహెమ్యా 8లో, నాకు బాగా ఇష్టమైన భాగం ఉంది. నీటి గుమ్మం ఎదుట ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివారు, లేవీయులు అర్థం చెప్పారు, జనం ఏడ్చారు. ఈ మొదటి రోజు మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. రెండో రోజు మీద ఒక్కటీ వినలేదు. రెండో రోజు కుటుంబాల పెద్దలు, యాజకులు, లేవీయులు ఇంకా తెలుసుకోవాలని ఎజ్రా దగ్గరికి వచ్చారు. ఏడో నెల పండుగలో పర్ణశాలల్లో నివసించాలని రాసి ఉండటం చూశారు. చూసి ఏం చేశారు? కమిటీ వేయలేదు. కొండలకు వెళ్లి ఒలీవ కొమ్మలు, ఈత మట్టలు తెచ్చుకున్నారు. ఇళ్ల మిద్దెల మీద, లోగిళ్లలో, మందిరపు ఆవరణంలో పర్ణశాలలు వేసుకున్నారు. యెహోషువ కాలం నుంచి ఇలా చేయలేదట. అప్పుడు బహు సంతోషం పుట్టిందని ఆ వచనం చివర రాసి ఉంది. ముందు రోజు చదవగా ఏడ్చారు, చేశాక సంతోషం వచ్చింది. సంఘంలో సంతోషం లేదని దిగులుపడే మనం ఈ వరుసను పట్టించుకోవాలి.

వ్యక్తిగా లోబడటం గురించి చెప్పినంతగా సంఘంగా లోబడటం గురించి మనం మాట్లాడం. యాకోబు 2వ అధ్యాయం వ్యక్తులకు రాసింది కాదు, మన కుర్చీల గురించి రాసింది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలతో వచ్చిన బీదవాణ్ని అక్కడ నిలబడమనే సంఘం గురించి. వేదిక మీద ఎవరిని కూర్చోబెడుతున్నాం, ఎవరి పేరు మైకులో చదువుతున్నాం, ఎవరి ఇంట్లో శుభకార్యమైతే పరుగెత్తి వెళ్తున్నాం అన్నది ఒకసారి చూసుకుందాం. లేవీయకాండము 19:13 కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. మన చార్టులు చాలావరకు లేవీయకాండము దగ్గరే ఆగిపోతాయి, అది వేరే కథ. ఆ వచనం దాకా వచ్చినవాళ్లు మందిరం ఊడ్చేవాళ్లకు, సౌండ్ సిస్టం చూసేవాళ్లకు, బండి నడిపేవాళ్లకు డబ్బులు సమయానికి అందుతున్నాయా అని లెక్కల పుస్తకం తెరిచి చూశారా? నిర్గమకాండము 23:1 లేనివార్తను పుట్టించవద్దంటుంది. అది చదివిన రోజే మన విశ్వాసుల గ్రూపుల్లో రుజువులేని ఎన్ని భయంకర వార్తలు ఫార్వర్డ్ అవుతున్నాయో మీకు తెలుసు. వాటిని మీరు ఖండించరు. సున్నితమైన విషయం అంటారు. అబద్ధం సున్నితమైన విషయం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇంత రాశాక ఒక భయం కూడా చెప్పాలి. "విధేయత" అనే మాటను తప్పుగా పట్టుకుంటే అది కొరడా అవుతుంది. నేను అడిగేది అది కాదు.

చదవనందువల్లే నీకు జబ్బు వచ్చింది, నీ పిల్లవాడు ఫెయిలయ్యాడు అని మంచం మీద ఉన్నవాళ్లకు చెప్పేవాళ్లున్నారు. అలా చెప్పకండి. యోబు స్నేహితులు అలాగే మాట్లాడి దేవుని కోపానికి గురయ్యారు. పది ఆజ్ఞల ముందు ఉన్న మాట ఏమిటి? నిన్ను దాసుల గృహం నుంచి వెలుపలికి రప్పించిన దేవుణ్ని నేనే, అని. విడిపించాక ఇచ్చిన ఆజ్ఞలు అవి, విడిపించడానికి పెట్టిన షరతులు కావు. ఎఫెసీయులకు 2:8, 9 మనకు కంఠతా వచ్చు, కృప చేతనే రక్షణ అని. ఆగకుండా 10వ వచనం కూడా చదివితే సత్క్రియల సంగతి వస్తుంది. రెండింటినీ విడదీస్తే ఒకవైపు గర్వం, ఇంకోవైపు బద్ధకం.

వాక్యానికి లోబడటం వేరు, మనిషికి లోబడటం వేరు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన సంగతి. బెరయలో ఉన్నవాళ్లు పౌలు చెప్పినది నిజమో కాదో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. దానికి వాళ్లను ఘనులు అన్నారే గాని ఎదురుతిరిగేవాళ్లు అనలేదు. దినదినం చదివే విశ్వాసులు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. చదివించడం మొదలుపెట్టేముందే దీనికి సిద్ధపడండి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ మీ దగ్గరికి వస్తే "భర్తకు లోబడమ్మా" అని ఒక్క వచనం చదివి పంపేయకండి. ఆ మాట ఉన్న ఎఫెసీయులకు 5వ అధ్యాయంలోనే భర్తకు రాసిన వచనాలు ఎక్కువ ఉన్నాయి, అవి చదవాల్సినవాడు ఇంట్లో ఉన్నాడు. ముందు ఆమె క్షేమంగా ఉండే ఏర్పాటు చూడండి. చట్టం సహాయం కావాలంటే అది ఇప్పించండి. లేఖనాన్ని సగం చదివి ఒకరిని బాధలోకి తిరిగి పంపడం వాక్యానికి అవిధేయతే.

చదవలేనివాళ్ల గురించి కూడా ఆలోచించండి. చూపు తగ్గిన పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు, చంటిపిల్లలతో నిద్రలేని తల్లులు చార్టు చూసి సిగ్గుపడుతున్నారు. అచ్చుయంత్రం రాకముందు వందల ఏళ్ల పాటు విశ్వాసుల్లో అత్యధికులు సొంత బైబిల్ లేకుండానే బ్రతికారు. చదివి వినిపిస్తే విన్నారు. ప్రకటన గ్రంథం 1:3 ఏమంటుందో చూడండి: చదివేవాడు ఒకడు, వినేవాళ్లు చాలామంది, అందులో రాసిన సంగతులను గైకొనేవాళ్లు ధన్యులు. మార్కు సువార్త మొత్తం పైకి చదవడానికి గంటన్నర చాలు. ఆడియో బైబిల్ ఫోన్‌లో ఉంది, ఎలా పెట్టుకోవాలో సండే స్కూల్ పిల్లలు ఐదు నిమిషాల్లో నేర్పగలరు. విన్నా లెక్కే అని మీరు వేదిక మీది నుంచి ఒక్కసారి చెబితే ఎంతమందికి భారం దిగుతుందో.

మీరు ఏం చేయాలని కోరుతున్నానో ఇప్పుడు చెప్తాను. బైబిల్ మొత్తం చదివేవాళ్లను ఆపకండి. అయితే సంఘమంతటికీ అదే కొలత పెట్టకండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొక్కటి చదివితే ఏడాదికి సరిగ్గా సరిపోతుంది. రెండు రోజులు మిగులుతాయి, ఆ వారం చదివిన దానిలో ఒక్కదాన్ని చేయడానికి. ఆదివారం ప్రసంగ భాగాన్ని వారం ముందే ప్రకటించండి, ఇంటి దగ్గర చదువుకుని వస్తాం. ముక్కలుగా కాకుండా ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పండి. వాక్యం అయిన వెంటనే ప్రకటనలు మొదలుపెట్టకండి. ఐదు నిమిషాలు మౌనంగా వదిలేయండి, ఏం చేయాలో ఎవరికి వారు రాసుకుంటారు. గృహ కూటాల్లో కొత్త భాగం తెరవకముందే పోయిన వారం సంగతి అడగండి. "ప్రయత్నించాను, కుదరలేదు" అనే జవాబుకు కూడా చోటివ్వండి. ఆ అడిగేవాళ్లు ముందు తమ జవాబు చెప్పాలి. సాక్ష్యాల సమయంలో జబ్బులు నయమైనవీ ఉద్యోగాలు వచ్చినవీ చెప్పించినట్టే, అప్పు తీర్చినవీ క్షమాపణ అడిగినవీ కూడా చెప్పించండి. పేర్లు, ఇంటి గుట్లు బయట పెట్టకుండా.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అంటే, నన్నడిగితే యాకోబు పత్రికతో. ఐదు అధ్యాయాలు, 108 వచనాలు. ఐదు ఆదివారాలు పడుతుంది. రెండో ఆదివారానికి కుర్చీల సంగతి వస్తుంది, మూడో ఆదివారానికి నాలుక సంగతి, ఐదో ఆదివారానికి మోసంగా బిగబట్టిన కూలి సంగతి. మీరు వచ్చే ఆదివారం మొదటి అధ్యాయం ప్రకటిస్తే మా యువకుల కూటం తరఫున చదువు రానివాళ్ల ఇళ్లకు వెళ్లి చదివి వినిపించే బాధ్యత మేం తీసుకుంటాం. ఎవరెవరి ఇళ్లకు వెళ్లాలో మీ దగ్గర జాబితా ఉంటే ఇవ్వండి.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక విశ్వాసి